మెత్తని సీసం

గ్రేస్ ఆంటీ పోయిందన్న సంగతి ఫోనులో చెప్పడం ఇష్టంలేక హోనె మా ఇంటికే వచ్చాడు. ఈ దేశపు దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్ నుంచి ఆక్లాండ్‌కి మనవరాలిని చూడడానికి వచ్చిన మనిషి, అన్నీ ఒకే తీరుగా కనిపించే ఫ్లాట్ బుష్ పేట ఇళ్ళ మధ్య మా ఇల్లు వెతుక్కుని, బూట్లు గుమ్మం బయట విప్పి, లోపలికి వచ్చి కూర్చుని, నా చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని చెప్పాడు. నిద్రలోనే పోయిందట. అతనికీ ఇప్పుడు బాగా వయసు మీదపడింది. టీ తాగి అతను వెళ్ళిపోయాక, ఆమె ఎవరని మా అమ్మాయి అడిగింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటినుంచి వచ్చేది ఇంగ్లీషే. నాకు ఆంటీ అన్నాను. ఏ ఆంటీ అంది. ఈ దేశంలో మనకు పెద్దవాళ్ళంతా ఆంటీలే కాబట్టి ఆ ప్రశ్న సబబే. తుపాకి కాల్చే ఆంటీ అన్నాను. నవ్వింది, నమ్మలేదు. దానికి చెప్పిందే, కొంచెం నెమ్మదిగా, ఇక్కడ మళ్ళీ చెప్పుకుంటున్నాను.

కరీంనగర్ నుంచి వెళ్ళి ఇన్వర్‌కార్గిల్‌లో దిగిన ఏడాదే చలి అంటే ఏమిటో నా ఎముకలకు తెలిసింది. ఆ ఊళ్ళో వీధులు మైదానాల్లా ఉంటాయి, వాటి మీద నడిచేవాళ్ళు ఉండరు, గాలి మాత్రం దక్షిణ సముద్రం మీంచి ఏ అడ్డూ లేకుండా వచ్చేస్తుంది. పాలిటెక్నిక్‌లో డిప్లొమాకి చేరిన మేం కొందరం ఒక పాత ఫ్లాట్‌లో, గోడలకు చెమ్మ పట్టిన గదుల్లో, స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని పడుకునేవాళ్ళం. ఒకరోజు వీధి చివర డెయిరీ అనే చిల్లరకొట్టు పక్కనున్న ఫోన్ బూత్‌లోంచి అమ్మతో మాట్లాడుతూ, మధ్యలో దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆగిపోయాను. వెనక తెల్లజుట్టు పెద్దావిడ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఫోన్ కోసమేమోనని పెట్టేయబోయాను. “మాట్లాడుకో అమ్మాయ్, నాకేం తొందర లేదు” అంది, స్వచ్ఛమైన బాపట్ల తెలుగులో. రిసీవర్ చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాను. అవతల అమ్మ హలో హలో అంటూనే ఉంది.

ఆమె గ్రేస్ ఆంటీ. చిన్నవయసులో నర్సుగా ఈ దేశం వచ్చి, ఆపరేషన్ థియేటర్లలో పనిచేసి, ఆలన్ అనే వడ్రంగం మాస్టారిని పెళ్ళాడి అక్కడే ఉండిపోయింది. ఆలన్ పోయి అప్పటికి రెండు చలికాలాలు గడిచాయి. నా దగ్గు విని, వెనకగది ఖాళీగా ఉంది వచ్చి ఉండమంది. ఆ మాట అన్న వారానికే నేను పెట్టెతో సహా వెళ్ళిపోయాను. ఆమె తెలుగు తను ఊరు విడిచిననాటి తెలుగు. ‘అగ్గిపెట్టె’, ‘గళాసు’ అనేది. ఇంగ్లీషు మాట్లాడితే మాత్రం ‘ర’ అక్షరం ఆ దక్షిణాది వాళ్ళలాగే నాలుక మీద బండిచక్రంలా దొర్లేది. వంటింట్లో బొగ్గు పొయ్యి పొద్దుటినుంచీ మండుతూనే ఉండేది. దానిమీద ఒక పక్క పప్పు, ఒక పక్క కేటిల్, పైన తీగమీద ఆరేసిన నా సాక్సులు. ఆదివారం చర్చి నుంచి వస్తూనే రొట్టెముక్కల్లో చీజ్ పెట్టి చుట్టలు చుట్టి కాల్చేది, వాటిలోకి నిమ్మకాయ కారం నంజుకునేది. మొదటి శనివారం నిద్రలేచేసరికి ఇల్లంతా వేరే వాసన: తేనెపట్టు మైనం, మాంసపు కొవ్వు కలిసి కరుగుతున్న వాసన. పొయ్యిమీద చిన్న గిన్నెలో పసుపుపచ్చగా ఏదో కాగుతోంది.

“గదేంది ఆంటీ, సబ్బు చేస్తున్నరా?” అని అడిగాను.

“దాంట్లో వేలు పెట్టి నాకబోకు. అది తుపాకీకి” అంది, తలెత్తకుండానే.

మా దిక్కు పుట్టి పెరిగినవాళ్ళకు ఆ మాట ఎలా తగులుతుందో ఆమెకు తెలియదు. నా చిన్నతనంలో మా ఊరికి తుపాకి రెండు రకాలుగా వచ్చేది. పోలీసుల భుజాలమీద పగలు వచ్చేది, అడవి నుంచి వచ్చేవాళ్ళతో చీకటిపడ్డాక వచ్చేది. రెండిటికీ మా నాన్న ఒకేలా చేతులు కట్టుకుని నిలబడేవాడు. తుపాకి ముందు గొంతు తగ్గించడం మాకు ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య. అందుకే ఆరోజు టిఫిన్ ముట్టలేకపోయాను. ఆంటీ అది గమనించి లోపలి గదిలోకి తీసుకెళ్ళి ఇనుప బీరువా తాళం తీసింది.

నాకంటే ఒక జానెడే పొట్టి అది. గోధుమరంగు కర్ర, దానిమీద ఎన్ని అరచేతులు రుద్దితే వచ్చిందో ఆ నునుపు, నల్లబడిన పొడుగాటి గొట్టం. ఇప్పటి తుపాకుల్లా వెనకనుంచి తూటా పెట్టేది కాదు. గొట్టం మూతిలోంచి తుపాకిమందు పోసి, మీద ఆ మైనం పూసిన గుండు జార్చి, కడ్డీతో నెమ్మదిగా కిందికి దిగవేసి, వెనక రాగి టోపీ లాంటి చిన్న క్యాప్ తగిలించి కాల్చాలి. ఒక్కసారి కాల్చాక మళ్ళీ ఇదంతా మొదటినుంచి. గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు, అంటే సన్నని గాడులు, ఉంటాయని, అవి గుండును బొంగరంలా తిప్పుతాయని, అలా తిరిగితేనే గుండు సూటిగా పోతుందని ఆంటీ చెప్పింది. గుండు అడుగు గుల్లగా ఉంటుంది. మందు అంటుకోగానే ఆ గుల్ల అంచు విచ్చుకుని గాళ్ళను కరుచుకుంటుంది. ఆ అంచును ఆమె ‘పావడా’ అనేది. చలిగా ఉన్న ఆ గదిలో, ఒక నర్సు చేతుల్లో, అంత పాతదాన్ని అంత దగ్గరగా చూస్తూ నేను భయపడటం మర్చిపోయాను. ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలియదు.

ఆ తుపాకి కథ ఏమిటంటే, ఆలన్ దాన్ని పడుచువయసు నుంచీ ఊరిబయట ఇసుకదిబ్బల దగ్గరున్న క్లబ్బులో కాల్చేవాడు. గుండ్లు తనే పోసుకునేవాడు, ఆ పనంతా ఆంటీకీ నేర్పాడు. గురిగా పెట్టుకుని అతను కాల్చిన అట్టమీద చిల్లులన్నీ ఒకచోటే కుదురుగా పడేవట. చివరి సంవత్సరాల్లో అతని చేతులు వణకడం మొదలైంది. అదే సమయానికి చిల్లులు చెదిరిపోయాయి. కొన్నాళ్ళు చూసి, గొట్టం అరిగిపోయింది, నా చేతులూ పోయాయి, ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం అని చెప్పి తుపాకిని బీరువాలో పెట్టేశాడు. ఆ తరువాత క్లబ్బుకు టీ తాగడానికైనా వెళ్ళలేదు. కిటికీ దగ్గర కూర్చుని తన చేతులకేసి చూసుకుంటూ ఉండేవాడని ఆంటీ ఒకసారే చెప్పింది. 

ఆలన్ పోయాక, ఆ గొట్టంలో సీసం పోసి మూసేసి, తుపాకిని క్లబ్బు గోడకు తగిలిద్దామని అక్కడివాళ్ళు అడిగారు. మర్యాదగానే అడిగారు. ఆంటీ వసంతంలో జరిగే క్లబ్బు పోటీలో తను దాన్ని ఒకసారి కాల్చేదాకా ఆగమంది. ఆమె కుడిభుజం కీలు పాడైపోయింది, ఆపరేషన్ తప్పదన్నారు, అది అయ్యాక తుపాకి వెనక్కి తన్నే దెబ్బను ఆ భుజం ఇక తట్టుకోదు. కాబట్టి ఆమెకు మిగిలింది ఆ ఒక్క చలికాలం. దానికి ఏ గుండు పడుతుందో, ఎంత మందు సరిపోతుందో తేల్చాలి. చచ్చిపోయిందని అందరూ వదిలేసినదాని నాడి ఇంకోసారి చూడాలని ఆమె పట్టుదల.

శనివారాలు ఇద్దరం ఆమె పాత కారులో దిబ్బల దగ్గరికి వెళ్ళేవాళ్ళం. అక్కడ కాల్పులకు పెద్ద హోనె. మావోరీ మనిషి, నిదానస్తుడు, ఎర్రజెండా ఎత్తితే ఎంతటివాడైనా ఆగాల్సిందే. ఒకసారి గాలి తగ్గేదాకా షెడ్డులో కూర్చున్నప్పుడు, ఇంత పాత తుపాకులంటే మీకెందుకింత ఇష్టమని అడిగాను. ఇష్టమని కాదన్నాడు. ఈ నేలమీద యుద్ధాలు జరిగినప్పుడు ఇలాంటి తుపాకులు పట్టుకున్న సైన్యం ముందు తన ముత్తాతల తరం మట్టిగోడల వెనక నిలబడిందట. వాళ్ళు దేనికి ఎదురు నిలిచారో పుస్తకంలో చదివితే తెలియలేదని, అందుకే దీన్ని కాల్చడం నేర్చుకున్నానని, మొదటిసారి కాల్చినరోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయానని చెప్పాడు. నేను మా ఊరి సంగతి చెప్పాను. చాలాసేపు విన్నాడు. ఆ తరువాత అతను జెండా ఎత్తినప్పుడల్లా, ఆ నిశ్శబ్దాన్ని నేను మరోలా వినడం మొదలుపెట్టాను.

ఆంటీ మొదట గుండ్ల సంగతి చూసింది. క్లబ్బువాళ్ళు తలా ఒక అచ్చు ఎరువిచ్చారు. వెనక షెడ్డులో తలుపులన్నీ తెరిచి, చేతులకు తోలు తొడుగులు వేసుకుని, సీసం కరిగించి పోసేది. నన్ను గాలి వచ్చేవైపే నిలబెట్టేది, అయ్యాక మోచేతులదాకా సబ్బుతో కడిగించందే అన్నం పెట్టేది కాదు. వంటింటి కిటికీ గట్టుమీద గుండ్లు వరుసగా కూర్చునేవి: పొడుగువి, పొట్టివి, లావుపాటివి. ఒకటి గొట్టంలో దిగనే దిగలేదు. ఇంకొకటి వదిలితే కింద తగిలిన చప్పుడు వినిపించేంత వదులు. తిరిగి తిరిగి ఆలన్ వాడిన అచ్చు దగ్గరికే వచ్చింది. ఆ అచ్చులో ఎక్కడో చిన్న గాటు ఉంది, దాంతో పోసిన ప్రతి గుండుకూ లోపలి గుల్లలో సన్నని గీత వస్తుంది. వెడల్పు అదే సరిగ్గా ఉంది. అయినా దిబ్బల దగ్గర కాలిస్తే ఒక చిల్లు అట్ట పైమూల, ఒకటి కిందిమూల, మూడోది అట్టకే తగల్లేదు. మందు తగ్గించి చూసింది, పెంచి చూసింది. మందు కొలతలన్నీ ఇంజెక్షన్ సీసాల్లో పోసి బిరడాలు పెట్టి తెచ్చేది. ప్రతిసారీ పొగలోంచి అదే సమాధానం. ఇంటికొచ్చి భుజానికి వేడినీళ్ళ సంచీ పెట్టుకుని, పప్పు తాలింపు వేసేది. పాపం, ఇక వదిలేస్తే బాగుండునని నాకనిపించేది. 

ఒక శనివారం హోనె తెచ్చిచ్చిన అట్టను ఆమె చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. తరువాత నన్ను పిలిచి ఒక చిల్లు మీద వేలు పెట్టింది. అది గుండ్రంగా లేదు, ఖర్జూరపు గింజలా పొడుగ్గా ఉంది.

“చెయ్యి వణికితే గుండు ఎక్కడో తగుల్తుంది. ఒప్పుకుంటా” అంది. “అడ్డంగా ఎందుకు తగుల్తుందే?”

నాకు అర్థంకాలేదు. ఆమె హోనె వైపు తిరిగి అదే మాట ఇంగ్లీషులో అడిగింది. ఆలన్ అట్టల్లో ఇలాంటి చిల్లులుండేవా అని కూడా అడిగింది. హోనె టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఉండేవని, నేలకు తగిలి ఎగిరి వచ్చాయేమో అనుకున్నామని, ఎవరం పట్టించుకోలేదని అన్నాడు. గుండు గాలిలో బొంగరంలా తిరగకుండా దొర్లుతూ వెళ్తేనే అడ్డంగా తగులుతుంది. తిరగడంలేదంటే గాళ్ళను అది కరుచుకోవడమే లేదు. అందులో మనిషి చేతికి సంబంధం లేదు.

కాల్పులు ఆపించి, హోనె పార తెచ్చాడు. అట్టల వెనకున్న ఇసుకగట్టును ముగ్గురం తవ్వాం. ఎన్నో ఏళ్ళ సీసం అందులో ఉంది. మావి కొత్తవి, బూడిదరంగులో ఇట్టే కనిపించాయి. పాతవి బూజు పట్టినట్టు తెల్లబడి ఉన్నాయి. ఆంటీ మోకాళ్ళమీద కూర్చుని, ఒక్కొక్కటీ తీసి, వెనక్కి తిప్పి, గుల్లలోని ఇసుక ఊది, గీత ఉందా లేదా అని చూసేది. ఆ పాతవాటిలో గీత ఉన్నవి ఆలన్‌వి. వాటిని కొంగులో వేసుకున్నట్టు స్కర్టు ఒడిలో వేసుకుంది. చివరికి ఒకదాన్ని ఎడమ అరచేతిలో, మాదొకటి కుడి అరచేతిలో పెట్టి మాకు చూపించింది. పాతదాని పావడా చుట్టూ గాళ్ళ అచ్చు దిగి ఉంది, ఏటవాలుగా, గాజుమీద చెక్కినంత స్పష్టంగా. మాది పోసినప్పుడు ఎంత నున్నగా ఉందో అంతే నున్నగా ఉంది. రెండూ ఒకే అచ్చులోంచి పుట్టినవే, ఒకే గొట్టంలోంచి వచ్చినవే. ఆంటీ పాతదాన్ని గోటితో గీసింది, గీత పడింది. కొత్తదాన్ని గీసింది, పడలేదు.

నేను ఆ ఇసుకలోనే కూర్చుండిపోయాను. ఎప్పటి చేతో, ఎప్పటి మధ్యాహ్నమో కాల్చిన గుండు, తనకేం జరిగిందో ఒంటిమీద రాసుకుని, ఇన్నేళ్ళు ఎవరైనా అడుగుతారేమోనని అక్కడ పడి ఉన్నట్టనిపించింది. నా జీవితంలో అంతగా అబ్బురపడిన క్షణాలు తక్కువ.

పోల్చుకుంటే జరిగింది ఇదీ. ఆలన్ ఒకప్పుడు పాత ఇళ్ళ నీటిగొట్టాల సీసం తెచ్చుకునేవాడు. అది మెత్తనిది. అది దొరకడం మానేశాక ఒక పాత సామాన్లవాడి దగ్గర కరిగించి పోసిన దిమ్మలు కొన్నాడు, అవీ నీటిగొట్టాల సీసమేనని ఆ సామాన్లవాడు చెప్పాడు. షెడ్డులో మేం వాడుతున్నది ఆ దిమ్మల్లో మిగిలిందే. అందులో వేరే లోహం ఏదో కలిసింది, గట్టిపడింది, పావడా విచ్చుకోలేదు. ఇంత తెలిసిన మనిషి గోటితో గీసి చూసుకోలేదేం అని నేను అడిగాను.  కారులో కూర్చున్నాక ఆంటీ అంది.

“అప్పుడే చేతులు వణకడం మొదలైంది కదమ్మాయ్. ముసలివాడైన మనిషి ముందు తన్నే అనుమానించుకుంటాడు. ఇంక వేరేవైపు చూడడు. నేనూ చూడలేదు.”

ఊళ్ళో పాత ఇంటి కప్పు మారుస్తుంటే తీసేసిన సీసపు రేకుల చుట్టను ఆ వారమే హోనె భుజాన వేసుకొచ్చి మా షెడ్డులో పడేశాడు. చాకు పెడితే వెన్నలా తెగింది. కొత్త గుండ్లు పోశాం. వాటిని కిందపడేస్తే ఖంగుమనలేదు, తడిబట్ట పడినట్టు పడ్డాయి. ఆ తరువాత మిగిలింది మందు పాళ్ళు. తక్కువ కొలతతో మొదలుపెట్టి, ప్రతిసారీ చిటికెడు పెంచుతూ వచ్చింది. మొదట్లో గుండ్లు ఒకచోటికి రావాలా వద్దా అన్నట్టు వచ్చాయి. పెంచినకొద్దీ దగ్గరకు జరిగాయి. ఇంకా పెంచితే మళ్ళీ విడిపోయాయి. గట్టు తవ్వి చూస్తే పావడా అంచులు చిరిగి ఉన్నాయి. ఒక మెట్టు వెనక్కి వచ్చి ఆగింది. మందు ఎక్కువైతే బలమెక్కువనుకునేదాన్ని నేను. ఆ తుపాకి అడిగింది మధ్యస్థంగా ఒక పాలు, అంతే, దానికంటే పిసరు ఎక్కువ ఇచ్చినా విసిరికొట్టేది. ఉప్పు సరిపోయిన కూర రుచి చూసినట్టు ఆంటీ తలూపి, ఆ సీసాకు ఎర్రదారం కట్టింది.

వసంతంలో పోటీనాడు సముద్రం వైపునుంచి చల్లగాలి. ఆంటీ కోటు లోపల భుజం దగ్గర ఉన్ని మఫ్లర్ మడిచి పెట్టుకుంది. మందు పోయడం, గుండు జార్చడం, కడ్డీ దింపడం, అన్నీ ఆపరేషన్ థియేటర్లో పనిముట్లు అందించినంత నిదానంగా చేసింది. తన్నినప్పుడల్లా ఆమె పెదవులు బిగుసుకోవడం నాకొక్కదానికే కనిపించింది. పేలాక తెల్లటి పొగ గోడలా నిలిచేది, దీపావళి రాత్రి మా వీధి వాసన ముక్కుకు కొట్టేది. గుండు ఎక్కడ తగిలిందో పొగ పోయేదాకా తెలియదు, పోయినా అంతదూరం కంటికి ఆనదు. అయిదు గుండ్లు కాల్చి తుపాకి దించింది. హోనె జెండా ఎత్తి, తనే అట్ట దగ్గరికి నడిచివెళ్ళాడు.  అట్ట ఊడదీసి తెచ్చి బల్లమీద పరిచి, చిల్లులమీద తన అరచెయ్యి పెట్టాడు. చెయ్యి కింద అన్నీ కప్పబడిపోయాయి. చుట్టూ చేరిన పెద్దవాళ్ళంతా టోపీలు తీశారు. ఆలన్‌తో కలిసి కాల్చినవాళ్ళే అందరూ. ఆ తుపాకిని గోడకు తగిలించే మాట ఆరోజు నుంచి ఎవరూ ఎత్తలేదు. ఆపరేషన్ తరువాత ఆంటీ దాన్ని హోనెకు ఇచ్చింది. పోయిన ఏడాది దాకా తనే కాల్చానని మొన్న చెప్పాడు.

ఇప్పుడు నాకు ఆనాటి ఆలన్ వయసు రాలేదు గానీ, ఆ దారిలోనే ఉన్నాను. తెలిసినవాళ్ళ పేర్లు గుర్తుకు రావు. మోటార్‌వే మీద దిగాల్సిన చోట దిగకుండా ముందుకు వెళ్ళిపోతాను. ఆఫీసులో పిల్లలు తెరమీద వేలితో తోసి చూపించేది నాకు రెండోసారి చెప్పించుకుంటే గానీ ఎక్కదు. వయసైపోతోందని వాళ్ళకంటే ముందు నేనే అనేస్తాను, అలా అనేస్తే అందరికీ సులువు. ఈ రోజుల్లో దేనికైనా జవాబు వెంటనే దొరుకుతుంది కాబట్టి, మొదట దొరికిన జవాబే చాలనిపిస్తుంది. ఒక చలికాలమంతా ఒక్క ప్రశ్న దగ్గర కూర్చున్న మనిషితో కలిసి బతికానని తలచుకుంటే నాకే నమ్మశక్యంగా ఉండదు.

పోటీ మర్నాడు ఆదివారం. చర్చి అయ్యాక ఆంటీ కారును ఇంటివైపు తిప్పకుండా శ్మశానం వైపు తిప్పింది. ఆలన్ సమాధి చుట్టూ గడ్డి తడిగా ఉంది. పువ్వులేవీ తేలేదు. రాయి మీద చెయ్యి ఆనించి, వంగి, పక్కవాటాలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు మామూలు గొంతుతో చెప్పింది: “నీ చేతులు బాగానే ఉన్నాయయ్యా. సీసం మంచిది కాదు. అంతే.”

వెనక్కి నడుస్తుంటే ఉండబట్టలేక అడిగాను, ఆయనకు తెలుగు రాదు గదా ఆంటీ అని.

“ఒక్కముక్క రాదు” అంది, కోటు బొత్తాలు పెట్టుకుంటూ. “కాపరం చేసినన్నాళ్ళూ తిట్టిందంతా తెలుగులోనే తిట్టాను, నవ్వుతూ వినేవాడు. ఈ ఒక్క మంచిమాట ఇంగ్లీషులో చెప్తే గుర్తుపట్టడే, నేను కాదనుకుంటాడు.”